జానెడు

రోహిణి కార్తె ఆఖరి వారం.
ఖాజాగూడ వెనక గుట్టల మీద
నేను కర్ర పట్టుకునేవాణ్ని.
కర్ర కొసకు అద్దం, అద్దం నిండా ఎండ.
అల్లంత దూరంలో మూడుకాళ్ళ మిషను మీదికి వంగి
ఫసీహుద్దీన్ సాబ్
"జరా బాయే... ఔర్ జరా... బస్" అంటే
నా మడమ ఆగిన చోట
భూమికి ఒక అంకె పడేది.

పదహారేళ్ళు.
నేను నిలబడ్డ చోటల్లా
తర్వాత ఎవరో గోడ లేపారు.
నా కాళ్ళ కింద ఏం నలిగిందో
ఏ ఒక్కనాడూ వంగి చూడలేదు.

ఆ రోజు నలభై ఒకటో మేకు.
సుత్తి ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది.
రెండు బండల నడుమ, మొరం నెర్రెలో
ఎవరో గుచ్చి మరిచిపోయిన
అగర్‌బత్తి పుల్లలాంటి కాడ.
మోచేతంత పొడుగు.
ఆకు లేదు. ఒక్కటంటే ఒక్క ఆకు లేదు.
చుట్టూ సీతాఫలం పొదలు కూడా
మాడి కట్టెలైన ఎండలో
దీనికెవరు చెప్పారు, లేవమని?

మోకాళ్ళ మీద కూర్చుంటే కనబడ్డాయి పూలు:
తోమని రాగిచెంబు రంగు, అంచుల్లో పచ్చ,
ముందుకు చాచిన నాలుకలాంటి రేకు మీద
వంకాయరంగు గీతలు,
సాబ్ గీసే ఎత్తుపల్లాల గీతల్లాగే
దగ్గర దగ్గరగా,
ఎక్కడా ఒకదాన్నొకటి దాటకుండా.

మేకల వెనక వస్తున్న ఈదమ్మను అడిగాను.
"పేరా? పేరు వెట్టి పిలిచేటంత పని
దాంతోని మాకేం బడ్డది బిడ్డా?
మేకలు ముట్టయి.
కింద అల్లమసొంటి గడ్డ ఉంటది,
ఏడాదంత పండుకుంటది.
మా అత్త అయితే
దీన్ని జూసినంక మొగులు దిక్కు జూసేది."

నేను కూడా చూశాను.
మొగులు లేదు. విమానం గీసిన తెల్లగీత ఉంది.

"క్యా హువా సత్తయ్యా?" సాబ్ కేక.
"రాయి తగిలింది సాబ్" అన్నాను.
మేకును జానెడు దక్షిణానికి జరిపి కొట్టాను.
కర్ర నిటారుగా పట్టాను.
మిషను కూత కూసింది. అంకె పడింది.
అబద్ధం ఆడానో, అబద్ధాన్ని పాతానో.

మీరేమైనా అనుకునేలోపే చెప్తాను:
దసరా దాటగానే జేసీబీ వచ్చింది.
దానికి జానెడంటే ఏమి లెక్క?
దాని పన్నే మూరెడుంటుంది.

మరుసటి ఏడు సాబ్ బిడ్డకు కాన్పయింది.
హరీరా సామాన్ల చీటీ నా చేతికిచ్చి
బేగంబజార్ పంపాడు.
గోంద్, మఖానా, బాదం, ఖర్జూరం,
చివర్న సాలబ్ మిస్రీ, రెండు తులాలు.
పన్సారీ దుకాణం గద్దె మీంచి ముసలాయన
సీసా వంచితే తక్కెట్లో టకటకమని పడ్డాయి
పాలపళ్ళ రంగు గడ్డలు,
కొన్నిటికి వేళ్ళు, పసిపిల్ల పిడికిలిలాగ.
"ఇది పువ్వుల చెట్టుది భాయ్.
బయటిదేశపు మాల్. మన గుట్టల మీద
దీని చుట్టాలుంటయి, గంత జోర్ ఉండదు."
ఇవి పాతితే మొలుస్తాయా అన్నాను.
నవ్వాడు.
"తవ్వంగనే ఉడకబెడతరు.
లేకుంటే గోదాంలనే లేస్తయి."

పొట్లం సాబ్ ఇంట్లో ఇచ్చి
నీళ్ళు కూడా తాగకుండా వచ్చేశాను.

ఇప్పుడక్కడ పదిహేడంతస్తులు.
ప్రహరీ గోడ ఒక్క చోట మాత్రం
కొద్దిగా, తెలిసినవాడికే తెలిసేంత, వంగి ఉంటుంది.
"మేస్త్రీ తాగి కట్టిండు" అంటాడు వాచ్‌మన్.
కావచ్చు అన్నాను.

మొన్న రోహిణిలో మళ్ళీ వెళ్ళి
ఆ వంపు దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాను.
చెప్పు జారిందన్నట్టు.
సిమెంటు నెర్రె విచ్చింది.
అందులోంచి చీమలు
ఒక్కొక్కటే మట్టి పైకి తెచ్చి పోస్తున్నాయి.